అక్కకు రాని షుగర్ నాకెందుకు వచ్చింది? జన్యువులా, అలవాట్లా?

రెండోవాడు — శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

నాకు 43 ఏళ్లు. మూడు వారాల కిందట ఆఫీసులో చేయించిన పరీక్షల్లో, మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ 6.9 వచ్చింది. నమ్మకం కుదరక మళ్లీ చేయించాను, 6.8. డాక్టర్ గారు "షుగరే, అనుమానం అక్కర్లేదు" అని మాత్ర రాశారు. మా నాన్నకు 51లో వచ్చింది. నానమ్మకూ ఉండేదట. మేం ముగ్గురం. అక్క నాకంటే ఐదేళ్లు పెద్ద, బాగా లావు, వ్యాయామం అనే మాట వింటేనే నవ్వుతుంది. ఆమెకు షుగర్ లేదు. తమ్ముడు పుల్లలా ఉంటాడు, వాడి సంగతి అడగనే అక్కర్లేదు. నేను లావూ కాదు, సన్నమూ కాదు. తీపి మీద పెద్ద యావ కూడా లేదు. మరి మధ్యలో నన్నే ఎందుకు పట్టుకుంది?

ఇంట్లో రెండు పార్టీలు. "మన వంశంలోనే ఉంది, ఏం చేసినా వచ్చేదే" అని అమ్మ. "వంశం కాదు, మీ కూర్చునే ఉద్యోగం" అని మా ఆవిడ. నాకు కావలసింది సూటి జవాబు. ఇందులో జన్యువుల వాటా ఎంత శాతం, అలవాట్ల వాటా ఎంత శాతం? 80 శాతం జన్యువులే అయితే పొద్దున్నే లేచి నడవడం దేనికో చెప్పండి.


తోకచుక్క — శనివారం, రాత్రి 9:58

మా తాత రోజుకు రెండు పెట్టెలు కాల్చేవాడు. 91 ఏళ్లు బతికాడు, ఒక్కరోజు ఆసుపత్రి మెట్లెక్కలేదు. అంతా ముందే రాసిపెట్టి ఉంటుంది బ్రదర్. నడక మానేసి హాయిగా పడుకో.


లెక్కలపిచ్చి — శనివారం, రాత్రి 10:31

@తోకచుక్క మీ తాతగారు అదృష్టవంతులు. అలాగే కాల్చి 55కే పోయినవాళ్లు చాలామంది మనవళ్ల మొహం కూడా చూడలేదు. వాళ్ల కథ చెప్పడానికి ఇక్కడికి ఎవరొస్తారు? బ్రిటన్‌లో డాక్టర్లనే 50 ఏళ్లపాటు గమనిస్తూ వచ్చారు. 2004లో లెక్క తేలింది: సిగరెట్ మానకుండా కాల్చినవాళ్లు అసలు కాల్చనివాళ్లకంటే సగటున 10 ఏళ్లు ముందుగా పోయారు. సగటు అన్నాను కాబట్టి 91 దాటినవాళ్లూ అందులో ఉంటారు.

ఇక రెండోవాడు గారూ, మీ శాతం ప్రశ్న. మీరు చప్పట్లు కొట్టారనుకోండి. ఆ మోతలో కుడిచేతి వాటా ఎంత, ఎడమచేతి వాటా ఎంత అని అడిగితే ఏం చెబుతారు? ఒక చెయ్యి తీసేస్తే సగం మోత వినిపించదు, అసలు మోతే ఉండదు. షుగర్, బీపీ, గుండెజబ్బు లాంటి వాటిలో జన్యువులూ జీవన విధానమూ చాలావరకు అలాగే కలుస్తాయి. కూడిక లెక్క కాదు, గుణకారం.

"ఫలానా జబ్బు 60 శాతం వంశపారంపర్యం" అని పేపర్లో చదువుతాం కదా, అది మీ ఒంట్లో జబ్బును ముక్కలు చేసి తూచిన లెక్క కాదు. ఒక జనాభాలో మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాల్లో ఎంత భాగం జన్యువుల తేడాలతో ముడిపడి ఉందో చెప్పే అంకె అది. జనం మారితే మారుతుంది, కాలం మారితే మారుతుంది. ఎత్తు సంగతి చూడండి. కడుపునిండా తిండి దొరికే సమాజాల్లో ఎత్తు దాదాపు 80 శాతం వంశపారంపర్యం అంటారు. అయినా దక్షిణ కొరియా ఆడవాళ్ల సగటు ఎత్తు వందేళ్లలో 20 సెంటీమీటర్లు పెరిగింది. నాలుగు తరాల్లో జన్యువులు అంతగా మారవు. తిండి మారింది, చిన్నప్పటి జబ్బులు తగ్గాయి.

ఇంకా గట్టి ఉదాహరణ కావాలంటే ఫినైల్‌కీటోన్యూరియా. పూర్తిగా జన్యువు వల్ల వచ్చే జబ్బు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీలూ చెడిపోయి ఉంటే ఆహారంలోని ఫినైల్‌అలనిన్‌ను ఒళ్లు విరగ్గొట్టలేదు, అది పేరుకుని మెదడును దెబ్బతీస్తుంది. కానీ పుట్టిన కొద్దిరోజుల్లోనే పసిగట్టి ఆ పదార్థాన్ని తగ్గించిన ఆహారం పెడితే బిడ్డ మామూలుగా ఎదుగుతుంది. 1960ల మొదట్లో రాబర్ట్ గత్రీ మడమ నుంచి తీసిన నెత్తుటి చుక్కతో పరీక్ష కనిపెట్టాక లక్షల పిల్లలను అలా చూస్తున్నారు. మరి ఆ జబ్బు ఎంత శాతం జన్యువు? వంద అనొచ్చు. ఎంత శాతం తిండి? అదీ వంద అనొచ్చు.


తోకచుక్క — శనివారం, రాత్రి 10:44

మాస్టారూ, ఒకటి అడిగితే క్లాసు పీకారు.


గాజుబొమ్మ — శనివారం, రాత్రి 11:20

లెక్కలపిచ్చి గారు చెప్పింది బాగుంది కానీ ఇంకోవైపూ రాయాలి. "అంతా మన చేతుల్లోనే ఉంది" అనే మాట వల్ల నాకు రెండేళ్లు పోయాయి.

29 ఏళ్లప్పుడు నా చెడ్డ కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్ 260. అప్పుడు నేను 51 కిలోలు, రోజూ పరిగెత్తేదాన్ని. చూసిన డాక్టర్ నూనె తగ్గించమన్నారు. తగ్గించాను. ఆరు నెలలకు 248. ఇంకా తగ్గించమన్నారు. పెళ్లిళ్లకు వెళ్తే అందరూ తింటుంటే చూస్తూ కూర్చునేదాన్ని. మళ్లీ 251. "మీరు నిజంగా పాటిస్తున్నారా?" అని అడిగారు. ఆ రాత్రి ఇంటికొచ్చి ఏడ్చాను. ఒక్కసారి కూడా ఎవరూ "మీ ఇంట్లో చిన్నవయసులో గుండెపోటు ఎవరికైనా వచ్చిందా?" అని అడగలేదు. మా మేనమామ 41లో, అమ్మమ్మ 50లో పోయారు.

మూడో డాక్టర్ ఐదు నిమిషాల్లో చెప్పేశారు. కుటుంబపరంగా వచ్చే అధిక కొలెస్ట్రాల్. కాలేయ కణాల మీద ఎల్‌డీఎల్‌ను పట్టుకుని లోపలికి లాక్కునే గ్రాహకాలు ఉంటాయి. నాలో ఆ జన్యువు ఒక కాపీ పనిచేయదు. పట్టుకునేవి తక్కువైతే కొలెస్ట్రాల్ నెత్తురులోనే తిరుగుతుంది. ఈ గ్రాహకాన్ని కనిపెట్టినందుకే మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ ఇచ్చారు. ఇదేదో కోటికొకరికి వచ్చే వింత జబ్బు అనుకోకండి, దాదాపు 250 మందిలో ఒకరికి ఉంటుంది. పిల్లలకు వచ్చే అవకాశం సగానికి సగం. తిండితో తగ్గేది కొంచెమే. స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర మొదలుపెట్టాక మూడు నెలల్లో నాది 130కి దిగింది, తర్వాత ఇంకో మాత్ర చేర్చారు.

నేను ఇప్పటికీ పరిగెత్తుతాను, సిగరెట్ పొగ దగ్గరికి కూడా పోను. ఎందుకంటే నా రక్తనాళాలకు ఉన్న బరువు చాలు, ఇంకోటి ఎత్తలేను. కానీ నా కొలెస్ట్రాల్ నా తప్పు కాదు. ఈ ఒక్క మాట అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.


రెండోవాడు — శనివారం, రాత్రి 11:41

గాజుబొమ్మ గారూ, చదువుతుంటే బాధగా అనిపించింది. అంటే నాది కూడా మీలాగే ఒక జన్యువు పాడై వచ్చిందేమో కదా? అలా అయితే కనీసం మా ఆవిడతో గొడవ తీరుతుంది.


వార్డుసిస్టర్ — ఆదివారం, ఉదయం 7:15

షుగర్ క్లినిక్‌లో 17 ఏళ్లుగా నర్సుగా చేస్తున్నాను. రెండోవాడు గారూ, ఆ గొడవ అంత తేలిగ్గా తీరదు.

ఒకే జన్యువు వల్ల వచ్చే షుగర్ ఉంది, మోడీ (MODY) అంటారు. మొత్తం షుగర్ ఉన్నవాళ్లలో నూటికి ఒకరిద్దరే. సాధారణంగా పాతికేళ్లలోపే బయటపడుతుంది, వరసగా ప్రతి తరంలోనూ కనిపిస్తుంది. కనిపెట్టడం మాత్రం ముఖ్యం, ఎందుకంటే దానిలో ఒక రకానికి ఇన్సులిన్ మానిపించి మామూలు మాత్రలతో నడిపించొచ్చు, ఇంకో రకానికి మందే అక్కర్లేదు. మీ వయసు, మీ నాన్నగారి వయసు చూస్తే మీది అది అయ్యే అవకాశం తక్కువ. మీ డాక్టర్‌ను అడగండి, అడగడంలో తప్పు లేదు.

ఎక్కువమందికి వచ్చే మామూలు షుగర్, అంటే టైప్ 2 వేరు. దాని వెనక డీఎన్ఏలో వందలకొద్దీ చోట్ల చిన్నచిన్న తేడాలుంటాయి. ఒక్కొక్కటి చేసేది ఇసుమంత. వాటిలో కాస్త బలమైనది టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువులోది, 2006లో దొరికింది. ఈ తేడాలున్నవాళ్లలో చాలామందికి ప్యాంక్రియాస్ (క్లోమం) ఇన్సులిన్ విడుదల చేసే శక్తి కొంచెం తక్కువగా ఉంటుంది. కొంచెమే. కుర్రతనంలో తెలియదు. కండ తగ్గి, కొవ్వు కాలేయంలోకి చేరి, ఇన్సులిన్ ఎక్కువ కావలసి వచ్చిన రోజున ఆ కొంచెమే బయటపడుతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, నడక ఎందుకు అని. అమెరికాలో షుగర్ అంచున ఉన్న 3,234 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు ఉత్తుత్తి మాత్ర, ఒక జట్టుకు షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్, మూడో జట్టుకు బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక. 2002లో ఫలితాలొచ్చాయి. ఉత్తుత్తి మాత్ర జట్టుతో పోలిస్తే మెట్‌ఫార్మిన్ వేసుకున్నవాళ్లలో షుగర్ రావడం 31 శాతం తగ్గింది, నడిచిన జట్టులో 58 శాతం. తర్వాత వాళ్ల డీఎన్ఏ కూడా చూశారు. ఉత్తుత్తి మాత్ర జట్టులో, టీసీఎఫ్7ఎల్2 చెడ్డ కాపీలు రెండూ ఉన్నవాళ్లకు అవి అసలు లేనివాళ్లకంటే షుగర్ దాదాపు 80 శాతం ఎక్కువగా వచ్చింది. నడిచిన జట్టులో ఆ తేడా దాదాపు చెరిగిపోయింది. జన్యువు అదే. అది చేసే చెడు మాత్రం తగ్గింది.

అంటే మీ అమ్మగారు చెప్పిన మొదటి సగం నిజం, రెండో సగం కాదు.


తోకచుక్క — ఆదివారం, ఉదయం 8:02

సిస్టర్, అది వెంటపడి నడిపించేవాళ్లు ఉన్నప్పుడు కదా. ఆ పరిశోధన అయిపోగానే అందరూ సోఫా ఎక్కి ఉంటారు.


వార్డుసిస్టర్ — ఆదివారం, ఉదయం 8:20

కొందరు ఎక్కారు, నిజమే. కానీ చైనాలో డా చింగ్‌లో 1986లో ఇలాంటిదే మొదలుపెట్టి ఆరేళ్లు నడిపి ఆపేశారు. ఆ 577 మందిని 30 ఏళ్ల తర్వాత మళ్లీ చూస్తే, అలవాట్లు మార్చుకున్న వర్గానికి షుగర్ సగటున నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చింది, గుండె, పక్షవాతం లాంటి ఘటనలు 26 శాతం తక్కువ, ఆయుష్షు ఏడాదిన్నర దాకా ఎక్కువ. చాలామందికి చివరికి షుగర్ వచ్చింది, అది దాచను. ఆలస్యంగా రావడం కూడా లాభమే. కళ్లకూ కిడ్నీలకూ ఆ నాలుగేళ్లు పెద్ద లెక్క.


ముడివేళ్లు — ఆదివారం, ఉదయం 9:05

గుణకారం అన్నారు కదా, నా జబ్బు దానికి అచ్చమైన లెక్క. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్లను దెబ్బతీసే జబ్బు. ఆ రక్షణ వ్యవస్థకు సంబంధించిన హెచ్‌ఎల్‌ఏ జన్యువుల్లో ఒక రకం ఉన్నవాళ్లకు ఇది వచ్చే ముప్పు ఎక్కువ. సిగరెట్ తాగేవాళ్లకూ ఎక్కువ. స్వీడన్‌లో 2006లో చూసింది ఏమిటంటే, ఆ రకం కాపీలు రెండూ ఉండి సిగరెట్ కూడా తాగేవాళ్లకు, ఈ జబ్బులో ఒక తీవ్రమైన రకం వచ్చే ముప్పు ఆ జన్యువూ సిగరెట్టూ రెండూ లేనివాళ్లకంటే 21 రెట్లు. పొగ వల్ల ఊపిరితిత్తుల్లో కొన్ని ప్రోటీన్లు రూపు మారతాయట, ఆ జన్యువు ఉన్నవాళ్ల రోగనిరోధక వ్యవస్థ వాటిని శత్రువులనుకుని తిరగబడుతుందట. నేను 19 ఏళ్లు కాల్చాను. కీళ్లకూ సిగరెట్‌కూ సంబంధం ఉంటుందని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.


చిన్నిఅమ్మ — ఆదివారం, ఉదయం 11:30

ఒక మనవి. షుగర్ అని రాసేటప్పుడు టైప్ 2 అని రాయండి ప్లీజ్. మా పాపకు ఆరేళ్లప్పుడు టైప్ 1 వచ్చింది. వచ్చినవాళ్లంతా "చాక్లెట్లు ఎక్కువ పెట్టావా?" అనే అడిగారు. అత్తగారైతే "మా వైపు ఎవరికీ లేదు" అన్నారు. అంటే అటు జన్యువు నేరమూ నాదే, ఇటు అలవాటు నేరమూ నాదే!

టైప్ 1లో ఒంట్లోని రక్షణ వ్యవస్థే ఇన్సులిన్ చేసే కణాలను చంపేస్తుంది. తీపికీ దానికీ సంబంధం లేదు. ఒకే డీఎన్ఏ ఉన్న అచ్చు కవలల్లో కూడా ఒకరికి వస్తే రెండోవారికి తప్పకుండా వస్తుందని లేదు. అంటే జన్యువులు కాక ఇంకేదో ఉంది, కానీ ఆ ఇంకేదో మనం చేసిన తప్పు అని కాదు. ఈ చర్చలో "అలవాట్లు" అన్నచోటల్లా నాకు ఆ చాక్లెట్ ప్రశ్నే వినిపిస్తోంది.


నైట్‌డ్యూటీ — ఆదివారం, మధ్యాహ్నం 2:10

చిన్నిఅమ్మ గారికి నా ఓటు. నాకూ ఆ మాటతో పేచీ ఉంది. నేను 12 ఏళ్లుగా రాత్రి షిఫ్ట్ చేస్తున్నాను. పగలు నిద్ర సరిగ్గా పట్టదు, తెల్లవారుజామున మూడింటికి ఆకలేస్తుంది. రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు టైప్ 2 ముప్పు ఎక్కువని డాక్టరే చెప్పారు. ఇది నా "అలవాటు" ఎలా అవుతుంది? జన్యువులు మా అమ్మానాన్నలు ఇచ్చారు, షిఫ్ట్ మా మేనేజర్ ఇచ్చాడు. ఈ రెండింటి మధ్య నా ఇష్టం ఎక్కడుందో ఎవరైనా వెతికిపెట్టండి.


లెక్కలపిచ్చి — ఆదివారం, మధ్యాహ్నం 2:45

ఒప్పుకుంటున్నాను. పరిశోధకులు "పర్యావరణం" అనే మాట వాడేది అందుకే. నిద్ర, షిఫ్ట్, నడవడానికి చోటు ఉందా లేదా, తల్లి కడుపులో ఉన్నప్పుడు తిండి దొరికిందా లేదా, అన్నీ అందులోకే వస్తాయి.

దీనికి పీమా ఆదివాసుల కథ చూడాలి. ఒకే మూలం ఉన్న జనం, కొందరు అమెరికాలోని ఆరిజోనాలో, కొందరు మెక్సికో కొండల్లో ఉంటారు. 2006లో ప్రచురించిన లెక్క ప్రకారం ఆరిజోనా పీమాల్లో 38 శాతం మందికి టైప్ 2 ఉంది, మెక్సికో పీమాల్లో 6.9 శాతమే. కొండల్లోవాళ్లు ఎక్కువ క్రమశిక్షణ ఉన్నవాళ్లని కాదు. వాళ్ల బతుకే ఒళ్లు వంచే బతుకు. ఆరిజోనాలో వాళ్ల నది నీళ్లను ఎగువన వలస వచ్చినవాళ్లు మళ్లించుకున్నారు, సేద్యం పోయింది, తిండీ మారిపోయింది. దాన్ని ఎవరి "జీవనశైలి" అందాం?


వెలుగురేఖ — ఆదివారం, సాయంత్రం 5:22

ఎవరూ ఎపిజెనెటిక్స్ గురించి మాట్లాడట్లేదేంటి?? మన ఆలోచనలతో, అలవాట్లతో జన్యువులనే మార్చుకోవచ్చు. 21 రోజులు చాలు. నేను ఒక కోర్సు చేశాను. వివరాలు కావాలంటే

[ఈ పోస్టులోని మిగతా భాగాన్ని పర్యవేక్షకులు తొలగించారు: ప్రకటన]


లెక్కలపిచ్చి — ఆదివారం, సాయంత్రం 6:00

మిగిలిన ముక్కలో కొంత నిజం ఉంది కాబట్టి జవాబిస్తాను. డీఎన్ఏ అక్షరాలు అలవాట్లతో మారవు. వాటి మీద రసాయన గుర్తులు ఉంటాయి (ఎపిజెనెటిక్స్ అంటే వీటి సంగతే), ఏ జన్యువు ఎంత పనిచేయాలో చెప్పడంలో వాటికి పాత్ర ఉంది. అవి మారతాయి. సిగరెట్ తాగేవాళ్ల రక్తంలో ఏహెచ్‌ఆర్‌ఆర్ అనే జన్యువు మీద ఈ గుర్తులు బాగా తగ్గిపోతాయి. మానేశాక ఏళ్ల మీద మెల్లగా, కొంతవరకు వెనక్కి వస్తాయి. 21 రోజుల్లో కాదు.

1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువు వచ్చింది. అప్పుడు తల్లి కడుపులో తొలి నెలల్లో ఉన్నవాళ్లను సుమారు 60 ఏళ్ల తర్వాత పరీక్షిస్తే, ఐజీఎఫ్2 అనే జన్యువు మీద గుర్తులు వాళ్ల సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల కంటే తక్కువగా ఉన్నాయి. ఆ గుర్తు వల్లే జబ్బులొస్తాయని తేల్చేశారని కాదు, ఆ చలికాలపు ఆనవాలు అంతకాలం ఒంట్లో నిలిచిపోయిందన్నది మాత్రం గట్టి విషయం.


గాజుబొమ్మ — ఆదివారం, సాయంత్రం 6:40

డీఎన్ఏ కిట్లు అమ్మేవాళ్లూ ఇలాగే చెబుతారు. ఉమ్మి పంపితే చాలు, మీ భవిష్యత్తు మొత్తం చెప్పేస్తామని. నాకు చేసిన జన్యు పరీక్ష వేరు. ఒక జబ్బు ఉందని గట్టి అనుమానం వచ్చాక, ఫలానా జన్యువు చూడమని డాక్టర్ రాసిచ్చింది. ఆ ఫలితంతో మా చెల్లికీ, నా కొడుక్కీ పరీక్ష చేయించగలిగాం. వాడికి పదేళ్లు, వాడికీ ఉంది. ఇప్పుడే తెలియడం మంచిదైంది.


వార్డుసిస్టర్ — ఆదివారం, రాత్రి 8:15

అవును. ఎవరికి ఏం చేస్తారన్నది ముందే తెలిసి ఉండాలి. ముప్పు ఎక్కువని కాగితం మీద చూస్తే జనం మారిపోతారని అందరం అనుకున్నాం. 2016లో ఇలాంటి 18 అధ్యయనాలను కలిపి చూస్తే, జన్యు ముప్పు చెప్పినంత మాత్రాన సిగరెట్, తిండి, నడక ఏదీ పెద్దగా మారలేదు. 2019లో వచ్చింది ఇంకా విచిత్రం. నీకు వ్యాయామం పడని జన్యువు ఉందని కొందరికి చెప్పారు, అది నిజమో కాదో చూడకుండానే. అలా విన్నవాళ్లు ట్రెడ్‌మిల్ మీద అంతకుముందు వారంకంటే త్వరగా అలిసిపోయారు. ఊపిరితిత్తుల పనితీరు కొలతలు కూడా పడిపోయాయి. మాట ఎంత పనిచేస్తుందో చూడండి.

అందుకే క్లినిక్‌లో నేను ముందు అడిగేది తెల్లకాగితం మీద వంశవృక్షం. ఎవరికి ఏం వచ్చింది, ఏ వయసులో వచ్చింది. అది కూడా ఉత్త జన్యువుల పట్టిక కాదు సుమా. ఇంట్లో అందరూ ఒకే కంచంలో తింటారు, ఒకే వేళకు పడుకుంటారు. భార్యాభర్తలకు రక్తసంబంధం లేదు కదా, అయినా ఒకరికి టైప్ 2 ఉంటే రెండోవారికి ముప్పు 26 శాతం ఎక్కువని 2014లో ఒక విశ్లేషణ వచ్చింది. రెండోవాడు గారూ, మీ ఆవిడను కూడా పరీక్షకు తీసుకెళ్లండి. అప్పుడు గొడవ సమానంగా ఉంటుంది.

ఇంకో సంగతి. మీరు లావు కాదు అన్నారు. పాతికేళ్లప్పుడు మీ బరువెంత? ఇప్పుడెంత? రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటారు? నిద్ర ఎంత?


రెండోవాడు — ఆదివారం, రాత్రి 9:50

దాచడం దేనికి. పాతికేళ్లప్పుడు 58 కిలోలు, అప్పట్లో రోజూ సాయంత్రం వాలీబాల్ ఆడేవాణ్ణి. ఇప్పుడు 71. ఎత్తుకు తగ్గ బరువేనని చార్టులో ఉంది. అదనం అంతా పొట్ట దగ్గరే. కూర్చోవడం... లెక్కేస్తే పదకొండు గంటలు వస్తోంది. నిద్ర ఐదు, ఐదున్నర. రాత్రి భోజనం పది తర్వాతే.

అక్క ఎప్పుడూ లావే, చిన్నప్పటినుంచీ. కానీ తుంటి, తొడల దగ్గర లావు. ఇంట్లో పొద్దున లేచిన దగ్గర్నుంచి ఒక్కచోట కూర్చోదు. ఇది నేను మొదటి పోస్టులో రాయలేదు.


వార్డుసిస్టర్ — ఆదివారం, రాత్రి 10:20

చూశారా. చార్టు మిమ్మల్ని మిగతా జనంతో పోలుస్తుంది, మీ ఒళ్లు మాత్రం మిమ్మల్ని 58 కిలోల మీతో పోల్చుకుంటోంది. చర్మం కింద కొవ్వు దాచుకునే చోటు ఒక్కొక్కరికి ఒక్కో కొలత. ఆ కొలతలో జన్యువుల పాత్ర చాలా ఉంది. మీ అక్కగారి గోదాం పెద్దది, తుంటి, తొడల దగ్గర ఎంతైనా పెట్టుకోగలదు. మీది చిన్నది. నిండిపోయాక మిగిలింది కాలేయంలోకీ ప్యాంక్రియాస్‌లోకీ పొంగుతుంది. చిత్రంగా ఉంటుంది కానీ, కొన్ని విషయాల్లో లావు అవ్వగలగడం కూడా ఒక రక్షణే.

బ్రిటన్‌లో రాయ్ టేలర్ అనే డాక్టర్ బృందం దీనిమీదే పనిచేసింది. 2017లో వచ్చిన అధ్యయనంలో, టైప్ 2 వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లకు తక్కువ కేలరీల ఆహారంతో బరువు తగ్గించారు. ఏడాదికి 46 శాతం మంది మందులు లేకుండా షుగర్ పరిధి నుంచి బయటపడ్డారు. 15 కిలోలు, అంతకుమించి తగ్గినవాళ్లలో అయితే 86 శాతం. తర్వాత మీలాంటి, పెద్దగా బరువు లేని 20 మందితో ఇంకోటి చేశారు, 2023లో వచ్చింది. బరువులో పదో వంతు అటూఇటూగా తగ్గితే 20 మందిలో 14 మందికి అదే జరిగింది. చిన్న సంఖ్యే, కానీ దారి చూపిస్తోంది.

మీ మాత్ర మాత్రం సొంతంగా ఆపకండి. అది డాక్టర్‌తో మాట్లాడాల్సిన విషయం.

నడక గురించి ఒక్కటి చెప్పి పడుకుంటాను. మామూలుగా కండ కణం రక్తంలోని చక్కెరను లోపలికి తీసుకోవాలంటే ఇన్సులిన్ వచ్చి తలుపు తట్టాలి. కండ కదిలినప్పుడు గ్లూట్4 అనే రవాణా ప్రోటీన్ ఇన్సులిన్ పిలవకుండానే కణం పైకి వచ్చేస్తుంది. మీ వంశంలో బలహీనం ఇన్సులిన్ వైపు అనుకుంటే, దాన్ని అడగకుండానే చక్కెర లోపలికి వెళ్లే పక్కదారి అది. అందుకే తిన్నాక పదిహేను నిమిషాలు నడిచినా మీటర్‌లో తేడా కనిపిస్తుంది. కొలిచి చూసుకోండి.


తోకచుక్క — ఆదివారం, రాత్రి 10:41

ఈ పక్కదారి సంగతి మొదటే చెప్పి ఉంటే ఇంత వాదించేవాణ్ణి కాదు కదా సిస్టర్. అన్నట్టు మా తాతకు ఇద్దరు తమ్ముళ్లు ఉండేవాళ్లు. వాళ్లూ కాల్చేవాళ్లు. ఒకాయన 52, ఇంకొకాయన 60. లెక్కలమాస్టారు మళ్లీ క్లాసు పీకకముందే నేనే చెప్పేస్తున్నా.


లెక్కలపిచ్చి — ఆదివారం, రాత్రి 10:43

:)


రెండోవాడు — 5 వారాల తర్వాత, శుక్రవారం, రాత్రి 9:15

ఎవరికైనా గుర్తుందో లేదో. అప్‌డేట్ ఇస్తానని మనసులో అనుకున్నాను, ఇస్తున్నాను.

సిస్టర్ చెప్పినట్టు కాగితం మీద వంశవృక్షం గీశాను. అప్పుడు తెలిసింది, "అక్కకు లేదు" అని మేం చెప్పుకోవడమే తప్ప ఆమె ఆరేళ్లుగా ఏ పరీక్షా చేయించుకోలేదని. తమ్ముడైతే జీవితంలో ఒక్కసారి కూడా చేయించుకోలేదు. అందరం కలిసి వెళ్లాం, మా ఆవిడతో సహా.

అక్కకు హెచ్‌బీఏ1సీ 5.4. నిజంగానే లేదు. బీపీ మాత్రం 148/92 ఉంది, దాని మీద ఇప్పుడు వేరే చర్చ నడుస్తోంది. మా ఆవిడకు 5.5. ఆ రిపోర్ట్ ఫ్రిజ్‌కు అంటించింది.

తమ్ముడికి 6.1. ముగ్గురిలో సన్నటివాడు, 38 ఏళ్లు, నడుము కొలిచేదాకా పొట్ట ఉందని కూడా ఎవరికీ తెలియదు. డాక్టర్ "ఇంకా షుగర్ కాదు, అంచున ఉన్నారు" అన్నారు. వాడు నమ్మట్లేదు. "నేను సన్నగా ఉన్నాను కదా, ల్యాబ్ తప్పు" అంటున్నాడు. నేనూ ఆ మొదటి వారం అదే అన్నాను కాబట్టి కోపం రాలేదు.

నాకు 2.6 కిలోలు తగ్గాయి. రాత్రి భోజనం ఎనిమిదికి మార్చాం, నిద్ర ఆరు గంటలకు చేరింది. తిన్నాక నడిస్తే మీటర్‌లో 30 దాకా తేడా వస్తోంది, కూర్చుంటే రావట్లేదు. మూడు రోజులు అలా, మూడు రోజులు ఇలా కొలిచి చూశాను.

ఒక ప్రశ్న. తమ్ముడికి మందు ఇప్పుడే మొదలుపెట్టించాలా, ఆగొచ్చా?


వార్డుసిస్టర్ — శుక్రవారం, రాత్రి 10:05

చాలా సంతోషం. తమ్ముడి విషయం వాళ్ల డాక్టర్ నిర్ణయించాలి కానీ, 6.1 దగ్గర మామూలుగా మొదట చూసేది నడక, నడుము కొలత, నిద్రే. మూడు నుంచి ఆరు నెలల్లో మళ్లీ పరీక్ష అంటారు. ల్యాబ్ మీద అనుమానం ఉంటే వేరేచోట చేయించుకోమనండి, వాదన కంటే అది తేలిక. మీ మీటర్ అంకెలు కూడా వాడికి చూపించండి. మా మాటలకంటే అన్నయ్య మీటర్ ఎక్కువ పనిచేయొచ్చు.


రెండోవాడు — శుక్రవారం, రాత్రి 10:12

చూపించాను సిస్టర్. "ఆ మీటర్ ఇటివ్వు" అని పట్టుకుపోయాడు. ఇప్పుడు నేను కొత్తది కొనుక్కోవాలి.